కేన్సర్ ముదిరాక శ్వాసనాళంలో స్టెంట్ వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఊపిరితిత్తుల కేన్సర్ నాలుగో దశలో ఉంది. నెల రోజులుగా ఆయాసం బాగా పెరిగింది. గాలి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. పడుకోలేక కూర్చునే కునుకు తీస్తున్నారు. గడ్డ శ్వాసనాళాన్ని నొక్కేస్తోందని, స్టెంట్ వేయాలని డాక్టర్లు అంటున్నారు. ఈ దశలో ఆయన్ను ఇంకా కష్టపెట్టడం అవసరమా?
– ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, ఈ స్టెంట్ (నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న గొట్టం) కేన్సర్‌కు చికిత్స కాదు. గడ్డను తగ్గించదు. గాలి ఆడటానికి దారి ఇస్తుంది, అంతే. ఊపిరాడని మనిషికి మాత్రం ఆ ‘అంతే’ తక్కువేమీ కాదు.

పెద్దవాళ్లలో ప్రధాన శ్వాసనాళం దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది సుమారు 8 మిల్లీమీటర్లకు తగ్గితే నడిచినప్పుడు ఆయాసం వస్తుంది. 5 మిల్లీమీటర్లకు వస్తే కదలకుండా కూర్చున్నా ఆయాసమే. మీరు చెప్పిన ఈల శబ్దాన్ని బట్టి మీ నాన్నగారు ఆ రెండో స్థితికి దగ్గర్లో ఉన్నట్టున్నారు. అలాంటప్పుడు కాస్త కఫం అడ్డుపడినా ప్రాణం మీదకు వస్తుంది. అందుకే డాక్టర్లు తొందర చేస్తున్నారు.

అలాగని స్టెంట్ అందరికీ పనికొస్తుందని కాదు. గడ్డ బయటి నుంచి నొక్కుతుంటే బాగా ఉపయోగపడుతుంది. నాళం లోపలికే పెరిగి ఉంటే ముందు లేజర్‌తోనో, కరెంటు వేడితోనో దాన్ని కొంత తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఒకటి అడగండి: ఇరుకైన చోటుకు అవతల ఊపిరితిత్తి పనిచేసే స్థితిలో ఉందా? అది ఎప్పుడో ముడుచుకుపోయి, గడ్డతో నిండిపోయి ఉంటే దారి తెరిచినా లాభం ఉండదు. ఇది సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష)ల్లో చాలావరకు తెలుస్తుంది.

కోత ఉండదు. సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి నోటి ద్వారానే పంపుతారు. నాళం రెండుగా చీలే చోటైతే ‘వై’ ఆకారపు స్టెంట్ వాడతారు. సరిగ్గా కుదిరితే చాలామందికి ఆ రోజే తేడా తెలుస్తుంది. ఊపిరి కుదుటపడితే రేడియేషన్, కీమో కొనసాగించే వీలూ కలగవచ్చు. రక్తస్రావం, మత్తు వల్ల ఇబ్బంది వంటి ముప్పులు లేకపోలేదు.

అసలు శ్రమ తర్వాతే. స్టెంట్ మీద కఫం పేరుకుంటుంది. డాక్టర్ చెప్పినట్టు రోజూ సెలైన్‌తో నెబ్యులైజర్ పెట్టాల్సిందే. దగ్గు, నోటి దుర్వాసన రావచ్చు. స్టెంట్ జరగవచ్చు, దాని అంచుల్లో కండ పెరగవచ్చు. స్టెంట్ రకం, సైజు, ఎక్కడ వేశారో రాసిన కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. ఎమర్జెన్సీలో గొంతులో గొట్టం వేసే డాక్టర్‌కు అది ముందే తెలియాలి.

ఇక కష్టపెట్టడమా అన్నది మీ నాన్నగారినే అడగండి. ఆయన వద్దన్నా, శరీరం తట్టుకోదని డాక్టర్లన్నా, మార్ఫిన్‌ను తక్కువ మోతాదులో ఇచ్చి, ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి ఆయాసం బాధ తగ్గించవచ్చు. అదీ వైద్యమే. కానీ మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, దగ్గితే రక్తం ఎక్కువగా పడినా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లండి.