ఇంజన్ 38 మిల్లీమీటర్లు లేచింది, పైపు ఎక్కడ కొయ్యాలి?

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ నిస్సాన్ ఆర్33 స్కైలైన్ కారులో ఆర్‌బీ30 ఇంజన్ బ్లాకు (కింది భాగం) మీద ఆర్‌బీ25 హెడ్ (పై భాగం) బిగించి దించాక, పాత ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపులు అందడం లేదన్నావు. అందవు నాన్నా. ఆర్‌బీ25 స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 71.7 మిల్లీమీటర్లు, ఆర్‌బీ30ది 85. ఆ స్ట్రోకు పట్టేందుకు నిస్సాన్ వాళ్లు బ్లాకు ఎత్తు 38 మిల్లీమీటర్లు పెంచారు. హెడ్ లేస్తే టర్బో, ప్లీనం (గాలిని సిలిండర్లకు పంచే పెట్టె), థ్రాటిల్ బాడీ (గాలిని అదుపు చేసే ద్వారం) అన్నీ దానితోపాటే లేస్తాయి. బాడీకి బిగించిన ఇంటర్‌కూలర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ తేడాను సిలికాన్ హోసు లాగి సర్దేద్దామని మాత్రం అనుకోకు. రెండున్నర అంగుళాల పైపులో ఒక బార్ బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) వచ్చిందంటే, వంపు దగ్గర జాయింటును ఊడదీసే బలం సుమారు 32 కిలోలు. హోసు తిన్నగా కూర్చుంటే క్లాంపు ఆ బరువు మోస్తుంది. వంకరగా కూర్చుంటే ఒక అంచు ముందే పైకి లేచి ఉంటుంది, గేరు మార్చగానే అక్కడే ఊడుతుంది.

కొలతలు తీసేముందు ఇంజన్ దాని అసలు చోటులో ఉండాలి. మౌంట్లు బిగించి, గేర్‌బాక్సు తగిలించి, కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టు. హాయిస్టుకు వేలాడుతున్న ఇంజన్ మీద తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. తరువాత చపాతీ పిండి నిమ్మకాయంత ముద్దలు చేసి, ప్లాస్టిక్ కవరు చుట్టి, థ్రాటిల్ బాడీ మీద, కామ్ కవరు మీద, ఇంజన్ ముందు నుంచి అడ్డంగా దాటే పైపు మీద పెట్టు. బానెట్ మెల్లగా మూసి లాక్ పడనిచ్చి, మళ్లీ తెరిచి ముద్ద మందం కొలువు. 15 మిల్లీమీటర్లకు తగ్గితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఊగి బానెట్‌కు తగులుతుంది. ఇంజన్‌ను మోసే అడ్డ దూలం క్రాస్‌మెంబరుకూ బాడీకీ మధ్య స్పేసర్లు పెట్టి ఇంజన్‌ను దించే పద్ధతి ఉంది గానీ, దానివల్ల స్టీరింగ్, సస్పెన్షన్ కొలతలు మారతాయి. నేనైతే ముందు పైపుల సంగతే చూస్తాను.

ఇక కోత. ఇంటర్‌కూలర్ నుంచి పైకి వెళ్లే నిలువు ముక్క ఉంటే అదృష్టమే. అక్కడ కోసి, అదే సైజు పైపు 38 మిల్లీమీటర్ల ముక్క చేర్చి వెల్డింగ్ చేయించు, ఆ వైపు పని అయిపోయినట్టే. కోత గీత తిన్నగా రావాలంటే, అంచు తిన్నగా ఉన్న కాగితం పట్టీ పైపు చుట్టూ చుట్టి, అంచులు ఒకదాని మీద ఒకటి కలిసేలా చూసి, ఆ అంచు వెంబడి మార్కర్‌తో గియ్యి.

నిలువు ముక్క లేక, పైపు అడ్డంగా పోతూనే పైకి ఎక్కాల్సి వస్తే రెండు వంపులు కావాలి. రెండున్నర అంగుళాల పైపుకు మామూలుగా దొరికే వంపు వ్యాసార్థం 95 మిల్లీమీటర్లు. 30 డిగ్రీల వంపులు రెండు ఎదురెదురుగా పెడితే 25 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. మధ్యలో 25 మిల్లీమీటర్ల తిన్నటి ముక్క పెడితే మిగతా 13 కూడా వచ్చేస్తుంది. మొత్తం 120 మిల్లీమీటర్ల లోపు నిడివిలో పని ముగుస్తుంది. ఎలాగూ కోస్తున్నాం కదా అని మూడంగుళాల పైపుకు మారకు. మూడు మీటర్ల పైపులో అది దాదాపు నాలుగు లీటర్ల గాలిని అదనంగా నింపాల్సిన పని పెడుతుంది.

ముక్కలను కారు మీదే టాకాలు వేయించు. విప్పేముందు ప్రతి జాయింటు మీదుగా మార్కర్ గీత గియ్యి, లేకపోతే బల్ల మీద వెల్డింగ్‌లో ఐదు డిగ్రీలు తిరిగినా కారు దగ్గర అతకదు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపైతే లోపల ఆర్గాన్ పంపమని గట్టిగా చెప్పు. లేకపోతే లోపలివైపు పొక్కులు కట్టి, ఆ పెచ్చులు తిన్నగా ఇంజన్‌లోకి పోతాయి. హోసు జారకుండా పైపు చివర బీడ్ (ఉబ్బెత్తు అంచు) తప్పనిసరి. కోత అంచులు ఆకురాయితో నునుపు చేసి, రజను పోయేదాకా వేడి సబ్బునీళ్లతో కడిగి, గుడ్డ లాగి తుడువు.

ఇంజన్ ఊగుతుంది, ఇంటర్‌కూలర్ ఊగదు. అందుకే రెండు వైపులా మధ్యలో ఉబ్బి వంగే హంప్ హోసు ఒక్కొక్కటి పెట్టు, అందులోకి పైపు 25 మిల్లీమీటర్లైనా దూరాలి. ఒక పైపుకు బ్రాకెట్లు ఇంజన్‌కైనా వెయ్యి, బాడీకైనా వెయ్యి. రెంటికీ వేస్తే వెల్డింగ్ దగ్గర పగులుతుంది.

టర్బో లేచింది కాబట్టి డౌన్‌పైపు (టర్బో నుంచి పొగ పోయే పైపు), టర్బో నీళ్ల గొట్టాలు, ఆయిల్ డ్రెయిన్ కూడా పొట్టి పడతాయి, వాటినీ ఇప్పుడే చూసుకో. యాక్సిలరేటర్ వదిలినప్పుడు బ్లో ఆఫ్ వాల్వు వదిలే గాలి, లోపలికొచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటరు తరువాతి పైపులోకే తిరిగి రావాలి. బయటికి వదిలితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఆ గాలిని కూడా లెక్కేసి పెట్రోలు పోస్తుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది.

అంతా బిగించాక టర్బో నోటికి మూత పెట్టి, రెగ్యులేటర్‌తో మెల్లగా ఒక బార్ దాకా గాలి పట్టు. దానికి ముందే క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) ఆవిరి పోయే బ్రీదర్ గొట్టాలు తీసి, ఇన్‌టేక్ వైపు రంధ్రాలు మూసెయ్యి. లేకపోతే ఆ గాలి ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లు, బుడగ వచ్చిన చోట మళ్లీ బిగించు. పరీక్ష చేస్తున్నప్పుడు ఏ హోసుకూ ఎదురుగా ముఖం పెట్టకు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఇంజన్ మార్పుకు వాస్ సర్టిఫికెట్ (మార్చిన బండిని పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం) కావాలి. పైపు కోసం చాసిస్ రైలును (బండి అడుగున పొడవుగా పోయే దూలాన్ని) కోస్తే అది దొరకడం కష్టం, అందుకని రైలు జోలికి వెళ్లకు. పిండి ముద్దల మందం ఎంత వచ్చిందో ఈ వారంలో రాసి పంపు, వంపులు కొనే ముందు ఒకసారి లెక్క చూస్తాను.

నీ బాబాయి