ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేషన్, తులాభారం

సందేహం: ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేషన్ రెండూ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయని చదివాను. ఒకదానిలో 'ఫర్', ఇంకోదానిలో 'లేట్' ఉన్నాయి కదా, అదెలా? మన 'భరించు'కు దానితో చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

సమాధానం: నిజమే. ఆ క్రియ ఫెర్రె, అంటే మోయడం. ఫెరో అంటే మోస్తాను, తులీ అంటే మోశాను. లాతుమ్ నుంచి 'మోయబడిన' అనే అర్థం వచ్చే మాటలు పుడతాయి. కాలం మారితే ధాతువే మారిపోతుంది. తెలుగువారికి ఇది వింత కాకూడదు: 'వస్తాడు' అంటాం, కాదనాలంటే 'రాడు' అంటాం. ట్రాన్స్ అంటే అవతలికి. ఫెర్రెతో కలిస్తే ట్రాన్స్‌ఫర్, లాతుమ్‌తో కలిస్తే ట్రాన్స్‌లేట్. రిఫర్, రిలేట్ జంట కూడా ఇలాంటిదే.

లాతుమ్ మొదట్లో 'త్లా'తో ఉండేది, తకారం జారిపోయింది. కాబట్టి అది, తులీ ఒకే ధాతువు పిల్లలు. ఆ ధాతువే సంస్కృతంలో త్రాసుకు పేరైన 'తుల'. ఇక ఫెర్రెకు సంస్కృతంలో తోబుట్టువు 'భృ' ధాతువు: భారం, భర్త, భృతి, భరణం. లాటిన్ ఒకే క్రియలో కలిపేసుకున్న ఆ రెండు ధాతువులూ మన 'తులాభారం'లో పక్కపక్కన కూర్చున్నాయి. నాకు చాలా ఇష్టమైన మాట ఇది.

సంస్కృత భకారం ఉన్నచోట, మాట మొదట్లో లాటిన్‌లో ఫకారం కనిపిస్తుంది: భ్రాతృ, ఫ్రాతెర్. ఇంగ్లీషు సొంత మాటల్లో అక్కడ బకారం ఉంటుంది: బ్రదర్, బేర్, బర్డెన్. అంతమాత్రాన లాటిన్ సంస్కృతం నుంచి పుట్టిందనకూడదు. రెండూ ఒక తల్లి పిల్లలు. 'భరించు' తెలుగుకు అరువు మాట. మన సొంత మాటలు మోయు, ఓర్చు.

లాటిన్‌లో ఈ క్రియ పని చాలా విస్తారం. బరువు మోయడానికీ, కష్టం ఓర్చుకోవడానికీ, నేల పంటనివ్వడానికీ, దారి ఎటో తీసుకుపోవడానికీ ఇదే. 'ఫెరుంత్' అంటే 'అంటారు' అని కూడా అర్థం. 'సఫర్'లో ఉన్నది 'కింద ఉండి మోయడం'. 'కాన్ఫరెన్స్'కు మూలం 'ఒకచోటికి తేవడం'. సమ్ చేరిన భృ ధాతువు నుంచి వచ్చిన పూజా సంభారాల 'సంభారం' కూడా సరిగ్గా ఆ భావమే.

ధ్వని సామ్యం చూసి మోసపోయే మాటలూ ఉన్నాయి. ఇనుముకు సంబంధించిన 'ఫెర్రస్' వేరు, అది ఫెర్రుమ్ నుంచి వచ్చింది. ఏరు దాటించే 'ఫెర్రీ', బస్సు 'ఫేర్' కూడా వేరే. అవి ఇంగ్లీషు సొంత మాటలు, వాటి ఫకారానికి సంస్కృతంలో దీటు పకారం: ఫాదర్, పితృ. ఫెర్రీకి చుట్టం భారం కాదు, అవతలి ఒడ్డు అనే అర్థమున్న 'పారం'.