నాన్న పాల బండి మెత్తబడాలంటే

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నాన్న స్ప్లెండర్ బండి మీద నువ్వు రోజూ ముప్పై కిలోమీటర్లు తిరిగేసరికి నడుము పట్టేస్తోందని, చిన్న గుంత వచ్చినా వెనక చక్రం ఎగిరిపడుతోందని రాశావు. వెనక షాకప్ స్ప్రింగు రెండు చుట్లు కోయిస్తే మెత్తబడుతుందని ఎవరో చెప్పారట. ఆ పని మాత్రం చేయించకు. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పది చుట్లు పంచుకున్న బరువును ఎనిమిది చుట్లే మోయాల్సి వస్తే అది తక్కువ వంగుతుంది. పైగా కోసిన చివర చదునుగా ఉండదు కాబట్టి స్ప్రింగు కప్పులో ఒరిగి కూర్చుని, షాకప్ లోపల ఆయిల్లో కదిలే రాడ్డును పక్కకు నెడుతుంది. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక బండికి అలా కోసిచ్చారు. నెల తిరగకముందే రాడ్డు అరిగి, ఆయిలంతా కారిపోయి తిరిగి వచ్చింది. ఆ బండి కడిగింది నేను, అందుకే ఇంకా గుర్తుంది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ గట్టి షాకప్స్ వేసింది నేనే. నాన్న రోజూ తెల్లవారుజామున రెండు 40 లీటర్ల క్యాన్లు కట్టుకుని కేంద్రానికి వెళ్లేవాడు. పాలు నీళ్లకన్నా కాస్త ఎక్కువ తూగుతాయి. 80 లీటర్లంటే 82 కిలోలు, క్యాన్లు కూడా కలిపితే 90 దాటుతుంది. దాని పైన నాన్న బరువు. కంపెనీ షాకప్స్‌తో బండి వెనక భాగం చతికిలబడి, గుంతల్లో మడ్‌గార్డు టైరుకు రాసుకునేది. అందుకని లావు తీగ స్ప్రింగులున్నవి తెచ్చి బిగించి, స్ప్రింగును నొక్కిపెట్టే మెట్ల రింగును చివరి మెట్టుకు తిప్పాను. ఇప్పుడు క్యాన్లు లేవు. బండి మీద ఉండేది 58 కిలోల నువ్వు ఒక్కడివే.

అలాగని కొత్త షాకప్స్ కొనడానికి ఇప్పుడే పరుగెత్తకు. బండి గట్టిగా ఉందంటే దానికి కారణం రెండు రకాలుగా ఉండవచ్చు. స్ప్రింగు బలం ఎక్కువై కదలకపోవడం ఒకటి. ఎక్కడో పట్టేసి కదలకపోవడం ఇంకొకటి. కూర్చున్నవాడి నడుముకు రెండూ ఒకేలా తగులుతాయి. పట్టేసిన బండికి ఎంత ఖరీదైన షాకప్స్ వేసినా ఆ డబ్బు దండగే. ఇన్నేళ్లు పాలు ఒలికి, రోజూ నీళ్లతో కడిగిన బండి కదా, పట్టేసి ఉంటుందనే నా అనుమానం.

ముందు గాలి సంగతి చూడు. నాన్న బరువుల కోసం వెనక టైరులో ఎక్కువ కొట్టించేవాడు, నువ్వూ అదే అలవాటు కొనసాగిస్తున్నావేమో. ఒక్కడివే వెళ్లేటప్పుడు 28 పాయింట్ల దగ్గర చాలు. బండి పుస్తకంలో ఉన్న అంకె ఒకసారి చూసుకుని, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు.

తర్వాత రింగు. నీ ఫొటోలో అది నేను తిప్పిన చివరి మెట్టు మీదే ఉంది. మట్టి గీకి, కిరోసిన్ పోసి రాత్రంతా నాననిచ్చి, కొక్కెం పానాతో రెండు వైపులా మొదటి మెట్టుకు తిప్పు. ఉలి పెట్టి సుత్తితో కొడితే రింగు పళ్లు విరిగిపోతాయి. ఈ రింగు తిప్పితే స్ప్రింగు బలం మారుతుందని చాలామంది మెకానిక్కులు కూడా అనుకుంటారు. బలం మారదు. ముందే కొంత నొక్కి పెట్టి ఉంచడమే అది చేసే పని. అంతగా నొక్కిన స్ప్రింగు ఇంకా కదలాలంటే ఆ నొక్కిన బలాన్ని మించిన బరువు పడాలి. నీ బరువుకూ చిన్న గుంతలకూ అది కదలదు, ఆ దెబ్బ నేరుగా నీ నడుముకే వస్తుంది.

ఇప్పుడు కొలత. ఇది తప్పకుండా చెయ్యి. బండిని డబుల్ స్టాండు వేస్తే వెనక చక్రం గాలిలో ఉంటుంది. ఇరుసు నట్టు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద రేకు మీద టేపు ముక్క అంటించి గీత గీయి. ఆ రెండింటి మధ్య దూరం కొలిచి రాసుకో. తర్వాత బండి దించి, నువ్వు ఎప్పటిలా కూర్చో. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద ఉండాలి, ముందు నుంచి ఒకరు బండిని పట్టుకోవాలి. ఇంకొకరు వెనక క్యారియరు పట్టి గట్టిగా కిందికి నొక్కి, మెల్లగా వదిలి కొలవాలి. తర్వాత అదే క్యారియరు పట్టి కాస్త పైకి ఎత్తి, మెల్లగా వదిలి మళ్లీ కొలవాలి. నొక్కి వదిలినప్పటి అంకె, ఎత్తి వదిలినప్పటి అంకె దాదాపు ఒకటే రావాలి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉన్నా పరవాలేదు. పది దాటితే మాత్రం ఎక్కడో పట్టేసినట్టే, స్ప్రింగును అనడానికి లేదు.

ఆ రెండింటి సగటును మొదటి అంకెలోంచి తీసేస్తే, నువ్వు కూర్చున్నప్పుడు బండి ఎంత దిగుతోందో తెలుస్తుంది. ఇలాంటి బండ్లకు వెనక చక్రం మొత్తం ఎనిమిది సెంటీమీటర్ల చుట్టుపక్కల కదులుతుంది. అందులో మూడో వంతు, అంటే 25 నుంచి 30 మిల్లీమీటర్లు నీ బరువుకు దిగాలి. రింగు మొదటి మెట్టులో ఉండి, పట్టేసినదేమీ లేకుండా, 15 కూడా దిగకపోతే అప్పుడు స్ప్రింగే ఎక్కువ గట్టిదని నమ్ము.

తేడా ఎక్కువగా వస్తే విప్పాల్సిందే. డబుల్ స్టాండు మీద ఉంచి, చక్రం కింద చెక్క పెట్టి, సారీ గార్డు అడ్డొస్తే తీసేసి, రెండు షాకప్స్ విప్పు. విప్పేటప్పుడు పై కన్ను, అంటే బోల్టు దూరే రంధ్రం దగ్గర ఏ వాషరు ఏ వైపు ఉందో ఫొటో తీసుకో. ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. పాల క్యాన్ల ఇనుప ఫ్రేము నాన్న ఆ పై బోల్టుకే కట్టించాడు. ఫ్రేము తీసేసినవాళ్లు దాని మందం పోయిన చోట సరైన వాషరు వేయకుండా నట్టు బిగించి ఉంటే, నట్టు కన్ను లోపలి ఇనుప గొట్టాన్ని పట్టుకోవడానికి బదులు దాని చుట్టూ ఉన్న రబ్బరు బుష్‌నే నలిపేస్తుంది. కన్ను బోల్టు మీద ఆడాలి. ఆడకపోతే చక్రం పైకి వచ్చిన ప్రతిసారీ షాకప్ పక్కకు వంగబోతుంది, లోపల రాడ్డు ఒరుసుకుంటుంది. రబ్బరు ఒకవైపు ఉబ్బి, నల్లగా మెరుస్తూ, చుట్టూ చీలికలు ఉంటే నా అనుమానం నిజమే. కొత్త బుష్‌లు, సరైన వాషర్లు వేయించు. ఈ చిన్న పనితోనే బండి మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

షాకప్స్ లేనప్పుడే, వెనక చక్రాన్ని పట్టుకుని ఊగే స్వింగ్ ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని పైకి కిందికి ఆడించు. మధ్యలో ఎక్కడా బిగుసుకోకుండా ఒకే తీరుగా కదలాలి. పక్కలకు ఆడితే బుష్ అరిగింది. కదలనంటే అది ఊగే పొడవాటి పివట్ బోల్టు తుప్పుతో బుష్‌కు అతుక్కుపోయింది. తుప్పు వదిలించే ద్రవం కొట్టి ఒక పూట ఆగు, మెల్లగా తిప్పుతూ లాగు. బోల్టును ఎమెరీ కాగితంతో రుద్ది, పల్చగా గ్రీజు పూసి వెయ్యి. రబ్బరు అతికిన బుష్ అయితే రబ్బరుకు గ్రీజు తగలనివ్వకు, ఉబ్బి పాడవుతుంది. చైను కూడా అప్పుడే చూడు. చైను కవరు మీద రబ్బరు మూత తీసి వేలితో ఆడిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. అంతకన్నా బిగుతుగా ఉంటే చక్రం పైకి లేచేటప్పుడు చైనే వెనక్కి పట్టి లాగుతుంది. దాన్ని షాకప్ గట్టిదనం అనుకుని డబ్బు పోసినవాళ్లు ఎందరో.

రాడ్డు వంగిందా లేదా తెలియాలంటే స్ప్రింగు విప్పి చూడాలి. ఆ పని ఇంట్లో వద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మొహం పగిలిపోతుంది. స్ప్రింగు బిగించే క్లాంపు ఉన్న షాపుకు పట్టుకెళ్లు, పక్కనే నిలబడు. స్ప్రింగు తీశాక రాడ్డును చేత్తో నొక్కితే మెల్లగా, ఒకే వేగంతో లోపలికి పోవాలి. సగంలో ఆగితే వంగింది, అది మార్చాల్సిందే. మొదటి నుంచీ కదలకపోతే ఎవరో విప్పి చిక్కటి ఇంజన్ ఆయిలు నింపి ఉంటారు, లేదా గాలికి చోటు వదలకుండా నిండా పోసి ఉంటారు. అలాంటివి మళ్లీ బాగుచేయించకు. గ్యాస్ నింపినవి అయితే అసలు తెరవనివ్వకు, లోపల ఒత్తిడి ఉంటుంది.

ఇవన్నీ బాగుండి స్ప్రింగే గట్టిదని తేలితే అప్పుడు కొను. నీ మోడల్‌కు కంపెనీ ఇచ్చేవే అడుగు. రెండూ ఒకేసారి మార్చాలి. పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య వరకు కొలిచిన పొడవు కంపెనీ దానితో సరిపోవాలి. మనవి బరువుల కోసం వేసినవి కాబట్టి పాతవాటి కొలత చూసి కొనకు. పొడవు పెరిగితే చైను స్వింగ్ ఆర్మ్‌కు రాసుకుంటుంది, తగ్గితే టైరు మడ్‌గార్డుకు తగులుతుంది. అందంగా ఉన్నాయని రంగు రంగులవి తేవద్దు.

బిగించాక కొలతలు మళ్లీ తీసుకో. అమ్మను వెనక ఎక్కించుకున్న రోజున రింగు రెండు మెట్లు పెంచి, గాలి కూడా పుస్తకంలో రాసినంత పెంచు. వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లూ మళ్లీ ఒకసారి బిగించి చూడు.

నాన్న షాకప్స్ బాగుంటే వాటిని తుడిచి, రాడ్డుకు కాస్త నూనె రాసి, గోనెలో చుట్టి అటక మీద పెట్టు. ఆదివారం పని మొదలుపెట్టే ముందు ఆ మూడు అంకెలు రాసి నాకు పంపు. అవి చూశాకే ఏది విప్పాలో చెబుతాను.

పెదనాన్న