నీళ్లలో మునిగిన లాల్‌బాగ్: బొమ్మ ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బెంగళూరులో గేమ్ ఆర్ట్ కోర్సు చేస్తున్నాను. పోర్ట్‌ఫోలియో కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ కాన్సెప్ట్ (ఆటలో కనిపించే పరిసరాల ఊహాచిత్రం) వేశాను. ఊరంతా మునిగి లాల్‌బాగ్ తోటలోని బండ, దాని మీది కెంపేగౌడ గోపురం మాత్రమే మిగిలాయి. గోపురం వెనక సూర్యాస్తమయం, ముందు రెండు తెప్పలు. మూడు వారాలుగా వివరాలు చేరుస్తున్నా అన్నీ అతికించినట్టే ఉన్నాయి. ఇంకెక్కడ వివరం పెంచాలి? బొమ్మ జతచేశాను.
- ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: ఎక్కడా పెంచకండి. ఊహ చాలా బాగుంది, అందుకే దాన్ని నిలబెట్టాలి. లోపం కంటి మట్టంలో ఉంది. మీ బొమ్మలో నీరు, ఆకాశం కలిసే గీత గోపురం కొస దగ్గరుంది. అంటే చూసేవాడి కన్ను గోపురమంత ఎత్తున ఉన్నట్టు. తెప్పల మీది మనుషుల్ని మాత్రం ఎదురుగా నిలబడి చూసినట్టు వేశారు, తెప్ప పైభాగమే కనబడదు. ఒకే బొమ్మలో ఇద్దరు చూస్తున్నారన్నమాట. గీతను తెప్ప మీద నిలబడ్డ మనిషి కళ్ల దాకా దించండి. అప్పుడు దగ్గరి తెప్పలోని వాడి కళ్లూ దూరపు తెప్పలోని వాడి కళ్లూ ఆ గీత మీదే ఉండాలి. బండ, గోపురం దాని పైకి లేచి ఎత్తుగా కనిపిస్తాయి.

ఇక ప్రతిబింబం. గోపురాన్ని కాపీ చేసి, తలకిందులు చేసి కింద అతికించారు. నీరు అలా చూపించదు. మన కన్ను నీటికి ఎంత పైన ఉందో, అంతే కింద నుంచి పైకి చూస్తే ఏం కనబడుతుందో అదే నీటిలో కనిపిస్తుంది. అంత కింద నుంచి చూసినప్పుడు బండ ముందంచు గోపురం మొదలును కప్పేస్తుంది. కాబట్టి నీటిలో గోపురం పొట్టిగా ఉండాలి. కంటి మట్టం దించాక ఈ తేడా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పైగా వరదనీరు బురదనీరు. నలుపు అందులో నల్లగానే దిగదు, మట్టిరంగు కలిసి కాస్త తేలుతుంది.

సూర్యుడు వెనకుంటే గోపురం ముందువైపు స్తంభాలు అంత తెల్లగా ఎలా మెరుస్తాయి? ముందంతా ఒకే ముదురు ముద్దగా వేసి, అంచున సన్నటి వెలుగు గీత ఉంచండి. సరిచూడ్డానికి ఫోటోషాప్‌లో అన్నిటికన్నా పైన నలుపు నింపిన లేయర్ పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను (కింది లేయర్లతో కలిసే తీరును) 'కలర్'కి మార్చండి. రంగు పోయి వెలుగునీడలే మిగులుతాయి. బొమ్మను రెండంగుళాల వెడల్పుకి తగ్గించి చూడండి. గోపురం ఆకారం వెంటనే తెలియకపోతే ముదురు, మధ్యస్థం, లేత అనే మూడే మెట్లతో మళ్లీ కట్టుకోండి.

బండ సంగతి ఒకటుంది. మీరు హిమాలయాల్లా కోసుగా చెక్కారు. లాల్‌బాగ్‌ది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి 'నైస్' (gneiss) అనే చారల శిల. అది గుండ్రంగా, ఉల్లిపొరల్లా ఊడుతుంది. దగ్గరికెళితే లేత, ముదురు చారలు, వాన జారిన దారుల్లో నల్లటి మరకలు కనిపిస్తాయి. అనంతపురం, చిత్తూరు వైపు గుట్టలు చూసినవాళ్లకు ఈ పోలిక కొత్తేం కాదు. ఒక ఉదయం వెళ్లి పది స్కెచ్‌లు వేసుకు రండి. వరద ఇంకా పైదాకా వచ్చి తగ్గిందని చూపాలంటే బండ మీదా మునిగిన చెట్ల కాండాల మీదా మరక ఒకే మట్టంలో ఉండాలి.

ప్రశ్న: స్నేహితులు బొమ్మలు చూపిస్తే 'బాగుంది' తప్ప మాట రావడం లేదు. ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందు అది దేనికో అడగండి. ఆట లెవెల్‌కైతే ఆటగాడు నడిచే దారి కనబడాలి, సినిమా షాట్‌కైతే కెమెరా ఎక్కడుందో తెలియాలి. తర్వాత మూడు సెకన్లు చూసి, కన్ను మొదట ఎక్కడికి వెళ్లిందో చెప్పండి. గీసినవాళ్లు అనుకున్న చోటు అదేనా? కాకపోతే కొత్త లేయర్ మీద మీరే రెండు నిమిషాల్లో దిద్ది చూపండి. రంగుల మాట ఆఖరున ఎత్తండి.