కార్టూనిస్టుకు రోజు ఎలా గడుస్తుంది? ఆలోచన తట్టని రోజున ఏం చేస్తాడు?

మీ ప్రశ్నలోని రెండు సంగతులకూ నా అనుభవం మేరకు జవాబు చెబుతాను. నేను విజయవాడలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లుగా పాకెట్ కార్టూన్, అంటే రోజూ వచ్చే చిన్న కార్టూన్, వేస్తున్నాను. వీలు చిక్కినప్పుడు వారపత్రికలకు ఇంటింటి హాస్యం కూడా వేస్తుంటాను.

బొమ్మ గీయడానికి పట్టే సమయం చాలా తక్కువ, రోజంతా పట్టేది దాని కింది మాటకే. పొద్దున్నే నాలుగైదు పత్రికలు ముందేసుకుంటాను గాని, మొదటి పేజీ మీద ఎక్కువసేపు నిలవను. అక్కడి వార్త ఊరందరికీ తెలిసిందే కనుక, దాని పక్కన నిలబెట్టదగిన చిన్న వార్త కోసం జిల్లా పేజీలు, మార్కెట్ ధరలు, చివరికి ప్రకటనలు కూడా చూస్తాను. సంబంధం లేని రెండు సంగతులు ఒకే గదిలో కూర్చున్నప్పుడు సగం కార్టూన్ తయారైనట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. 2023 జులైలో టమాటా ధర చాలా చోట్ల కిలో 100 రూపాయలు దాటింది. ధర పడిపోయిన ఏడాదుల్లో మదనపల్లె వైపు రైతులు రోడ్డు పక్కన పారబోసిన కాయే అది. ఆ వారం నాకు వెంటనే తట్టినవి లాకరులో టమాటాలు, నిశ్చితార్థం పళ్లెంలో టమాటాలు, టమాటా బండికి పోలీసు కాపలా. ఇలా మొదట తట్టే ఆలోచనలు మిగతా కార్టూనిస్టులందరికీ, వాట్సాప్‌లో జోకులు పంపేవాళ్లకూ అదే సమయానికి తడతాయి కాబట్టి వాటిని కాగితం మీద పెట్టి కొట్టేస్తాను. ఆ సాయంత్రం రైతుబజారులో ఒకావిడ ఒక కాయ చేతిలోకి తీసుకొని, వాసన చూసి, తిరిగి గంపలో పెట్టి, "ఇవాళ్టికి ఇది చాలు" అని నవ్వుతూ వెళ్లిపోయింది. అది విన్నాక కథ బజారు నుంచి వంటింట్లోకి మారింది. భర్త పత్రిక చదువుతూ అన్నం తింటున్నాడు, భార్య పప్పు వడ్డిస్తోంది. ఆయన "పప్పులో టమాటా కనిపించట్లేదే?" అంటాడు. ఆవిడ జవాబును మొదట "పత్రిక నిండా టమాటా వార్తలే ఉంటే ఇక పప్పులో ఎందుకండీ?" అని రాశాను. చదవడానికి బాగానే ఉంది గాని, నవ్వు వాక్యం మధ్యలోనే అయిపోతోంది. కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది: "పేపర్లో కనిపిస్తోందిగా!"

మాట కుదించడం వెనుక హాస్యంతో పాటు చోటు చిక్కు కూడా ఉంది. పాకెట్ కార్టూన్ ఒక్క కాలమ్ వెడల్పులో అచ్చవుతుంది. మన లిపిలో వత్తులు కిందికి, గుణింతాలు పైకి పోతాయి కనుక రెండు వరుసల మధ్య ఎడం తప్పనిసరి. బొమ్మను తగ్గించినప్పుడు గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోయి చదివేవాడు తడబడతాడు. ఇప్పుడు టాబ్లెట్ మీదే గీస్తున్నా, అక్షరాలు మాత్రం చేత్తోనే రాస్తాను. బాపు చేతిరాత ఆయన బొమ్మంత ప్రసిద్ధమై, చివరికి కంప్యూటర్ ఖతిగా (ఫాంటుగా) కూడా మారడం కాకతాళీయం కాదని నా నమ్మకం.

స్ఫూర్తి కోసం దేశాలు తిరగాలని కొందరు అనుకుంటారు. చిన్నప్పుడే పోలియో బారిన పడిన రాగతి పండరి విశాఖపట్నంలో ఉంటూ, ఎక్కువగా ఇంటి సంసారాల మీదే వేల కార్టూన్లు వేశారు. జయదేవ్ మద్రాసులో జంతుశాస్త్రం పాఠాలు చెబుతూనే కార్టూన్లు వేశారు. 1951 నుంచి కామన్ మ్యాన్ అనే సామాన్యుడి పాత్రను దినపత్రికలో నిలబెట్టిన ఆర్.కె. లక్ష్మణ్‌కు కాకులను గీయడమంటే ఎంతో ఇష్టం. ఎదుట ఉన్నదాన్ని విసుగు లేకుండా చూడగలగడమే వీళ్ల ముగ్గురిలోనూ నాకు కనిపించే పోలిక. నా చిత్తు పుస్తకంలో నవ్వు పుట్టించేది ఏదీ ఉండదు: బస్సులో కండక్టర్ చిల్లర లెక్కపెట్టే వేళ్లు, మీసేవ వరుసలో ఫైలును విసనకర్రగా వాడుతున్న పెద్దాయన, ఇలాంటివే. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు "ఓ జోకు చెబుతాను, వేసుకోండి" అంటారు. ఆ జోకు పనికిరాదు గాని, చెప్పకముందే తాను నవ్వేసే ఆయన ముఖం మాత్రం పనికివస్తుంది.

ఇక ఆలోచన తట్టని రోజు సంగతి. అది నెలలో పలుమార్లు వస్తుంది, పేజీ మాత్రం ఆగదు. అందుకే ఏ రోజుకైనా నప్పే కార్టూన్లు కొన్ని ఎప్పుడూ నిల్వ ఉంచుతాను: కరెంటు కోత, బడి ఫీజులు, గ్యాస్ బండ, పరీక్షల ఫలితాలు. నిల్వ కూడా అయిపోతే బొమ్మతో మొదలుపెడతాను. ఇద్దరు మనుషులను గీసి, ఒకడి చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టి, రెండోవాడు దాన్ని చూసి ఏమంటాడని ఆలోచిస్తాను. మాట ముందు, బొమ్మ తరువాత అనే నా అలవాటుకు ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి. ఇలా పుట్టినవి గొప్పగా ఉంటాయని చెప్పలేను గాని, రాత్రి డెస్క్ నుంచి ఫోన్ వచ్చే వేళకు చేతిలో ఒక కార్టూన్ ఉంటుంది.