ఫ్లాక్ నుంచి ఎంపీ3కి మార్చాక పాటల వివరాలు పోతే

ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఆడియో ఫైలు) పాటలను ఎంపీ3గా మార్చాక పాట పేరు, గాయకుల పేర్లు వంటి వివరాలు పోయాయని, పాత ఫ్లాక్ ఫైళ్లు ఇంకా ఉన్నాయని అడిగారు. మధ్యలో వచ్చిన వావ్ (సాధారణంగా కుదించని ఆడియో) ఫైలే కారణం కావచ్చు. ఫ్లాక్‌ను ముందు వావ్‌గా, ఆ తర్వాత ఎంపీ3గా మార్చానని రాశారు కదా. వావ్‌లో ట్యాగులకు (ఫైల్లోనే దాచే పాట వివరాలకు) అందరూ పాటించే ఒకే పద్ధతి లేదు. చాలా కన్వర్టర్లు పాట పేరు, గాయకుల పేర్లు, కవర్ బొమ్మ అక్కడే వదిలేస్తాయి. ఇక ఎంపీ3లోకి రావడానికి ఏమీ మిగలదు.

1. ఫ్లాక్ నుంచి నేరుగా ఎంపీ3కి మార్చండి. ఫూబార్2000 అనే ప్లేయర్ కన్వర్టర్‌లో ట్యాగులకు ఒక టిక్కు, బొమ్మలకు వేరే టిక్కు ఉంటాయి. రెండూ పెట్టండి.

2. ముందు ఒక్క పాట మార్చి చూసుకోండి.

మళ్లీ మార్చే ఓపిక లేకపోతే, అసలు ఫ్లాక్ ఫైళ్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ట్యాగులు సరిచేసే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాం చాలు. ఫ్లాక్ ఫైళ్లన్నీ ఎంచుకుని ట్యాగ్ కాపీ చేయండి, ఎంపీ3లన్నీ ఎంచుకుని పేస్ట్ చేయండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. పేస్ట్ అయ్యేది వరుసక్రమంలో: మొదటి దాని వివరాలు మొదటి దానికి, రెండో దానివి రెండో దానికి. ఫ్లాక్‌లను ట్రాక్ నంబరు ప్రకారం పేర్చి ఉంచితే, ఆ నంబరే పోయిన ఎంపీ3లు ఆ వరుసలోకి రావు. ఒక పాట పేరు ఇంకో పాటకు అంటుకుంటుంది. రెండు చోట్లా ఫైలు పేరు ప్రకారమే పేర్చండి, సంఖ్య సమానంగా ఉందో లేదో లెక్క చూడండి. అప్పుడే పేస్ట్ చేయండి.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే, ఎంపీ3ట్యాగ్ సెట్టింగుల్లో ఐడీ3వీ2.3 (ఎంపీ3 ట్యాగుల రకం), యూటీఎఫ్-16 (తెలుగు అక్షరాలను దాచగల పద్ధతి) ఎంచుకుని ట్యాగులు మళ్లీ పేస్ట్ చేయండి.