అల్లుడికి, యాంప్లిఫయర్ కొనేముందు

హనుమకొండ

అల్లుడా,

నువ్వు పంపిన మూడు పేర్లూ చూశాను. హెగెల్ హెచ్190, మరాంట్జ్ మోడల్ 30, లక్స్‌మన్ ఎల్-550ఏఎక్స్ 2. ఇందులో ఏది కొనాలి మామా అని ఒక్క ముక్కలో అడిగావు. ముప్పై ఏళ్లు యాంప్లిఫయర్లు విప్పి బాగుచేసినవాణ్ని, ఒక్క ముక్కలో చెప్పలేను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ మూడింటినీ పక్కన పెట్టి నీ స్పీకర్ల వెనక ఉన్న చీటీ చూడు. ఫోటోలో నాకు కనిపించింది 86 డీబీ, 4 ఓమ్స్. డీబీ అంటే డెసిబెల్, శబ్దం కొలత; ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు. నీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. 2.83 వోల్టులు ఇస్తే ఒక మీటరు దూరంలో 86 డీబీ శబ్దం వస్తుందని దాని అర్థం. 8 ఓమ్స్ స్పీకర్‌కు ఆ వోల్టేజీ అంటే సరిగ్గా ఒక వాటు. నీ 4 ఓమ్స్ స్పీకర్ అదే వోల్టేజీకి రెండు వాట్లు తాగుతుంది. అంటే ఒక్క వాటుకు అది పలికేది 83 మాత్రమే. షాపులో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

నువ్వు కూర్చునేది మూడు మీటర్ల అవతల. ఆ దూరానికి పది డీబీ దాకా పోతుంది. రెండు స్పీకర్లు కలిసి పలికితే మూడు తిరిగొస్తుంది, గోడలకు తగిలి వచ్చేది ఇంకొంచెం. మొత్తానికి ఒక్క వాటుతో నీ చెవి దగ్గర 78 దాకా ఉంటుంది. రోజూ పాటలు వినడానికి అది చాలు. మరి వంద వాట్లు ఎందుకంటావా? మంచి రికార్డింగులో ఒగ్గు డోలు మీద కర్ర పడే క్షణం గుర్తు తెచ్చుకో. ఆ ఒక్క దెబ్బ మామూలు శబ్దం కంటే 20 డీబీ పైకి లేవగలదు. 10 డీబీ లేవాలంటే వాట్లు పదింతలు కావాలి, 20 లేవాలంటే నూరింతలు. యాంప్లిఫయర్ దగ్గర అంత లేకపోతే దెబ్బ కొన విరిగిపోతుంది, డోలు అట్టపెట్టెలాగ వినిపిస్తుంది.

ఇప్పుడు నీ మూడింటికీ వద్దాం. లక్స్‌మన్ క్లాస్ ఏ యాంప్లిఫయర్. 8 ఓమ్స్‌కు 20 వాట్లు, 4 ఓమ్స్‌కు 40. నీ స్పీకర్‌తో అది ఒక్క వాటు శబ్దం కంటే 16 డీబీ పైకి లేచి అక్కడ ఆగిపోతుంది. మరాంట్జ్ 8 ఓమ్స్‌కు 100, 4 ఓమ్స్‌కు 200. స్పీకర్ ఓమ్స్ సగమైనప్పుడు వాట్లు రెట్టింపు ఇవ్వగలిగితే లోపల పవర్ సప్లై గట్టిదని నమ్మొచ్చు. హెగెల్ 8 ఓమ్స్‌కు 150. హెగెల్ 150కీ మరాంట్జ్ 100కీ మధ్య చెవికి తెలిసే తేడా 2 డీబీ కూడా ఉండదు, కాబట్టి ఆ అంకె చూసి మాత్రం ఎంచుకోకు.

లక్స్‌మన్ గొంతు నాకు ప్రాణం. ఆడగొంతు, వీణ, వేణువు దాని మీద వింటుంటే లేవబుద్ధి కాదు. 92, 93 డీబీ ఉన్న 8 ఓమ్స్ స్పీకర్లు నీ దగ్గర ఉంటే కళ్లు మూసుకుని అదే కొనమనేవాణ్ని. కానీ నీ స్పీకర్లకు అది చాలదు, పైగా మన ఎండలకు అది తగదు. క్లాస్ ఏ అంటే పాట ఉన్నా లేకపోయినా ట్రాన్సిస్టర్లలో కరెంటు పారుతూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడే 150 వాట్ల పైన లాగుతుంది. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు ఆ గదిలో చిన్న హీటర్ పెట్టుకున్నట్టే. లోపల కరెంటు నిలవ చేసే కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. నా దగ్గరికి వచ్చిన పాత యాంప్లిఫయర్లలో ఎక్కువ చెడింది అవే.

మరాంట్జ్ క్లాస్ డీ, అంటే ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపే రకం. ఆ రకం మీద నీకున్న అనుమానం నాకూ చాలాకాలం ఉండేది. పాత క్లాస్ డీ వాటిలో చివర ఉండే కాయిల్ ఫీడ్‌బ్యాక్‌కు, అంటే బయటికి వెళ్లే సిగ్నల్‌ను చూసి తప్పు సరిదిద్దే ఏర్పాటుకు, బయట ఉండేది. స్పీకర్‌ను బట్టి పైశబ్దాలు మారిపోయేవి, ఒకదానితో గరుకుగా, ఇంకోదానితో మొద్దుగా. మరాంట్జ్‌లో ఉన్న హైపెక్స్ కంపెనీ ఎన్‌కోర్ మాడ్యూల్ (తయారుగా వచ్చే బోర్డు) ఆ కాయిల్ దాటాక కూడా ఫీడ్‌బ్యాక్ తీసుకుంటుంది, అందుకే ఏ స్పీకర్ తగిలించినా తన పని తాను సక్రమంగా చేస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. మాడ్యూల్ పోతే నాలాంటివాడు ట్రాన్సిస్టర్ మార్చి పని నడిపించలేడు, మాడ్యూలే తెప్పించాలి. హెగెల్ క్లాస్ ఏబీ, మామూలు ట్రాన్సిస్టర్ల పాత పద్ధతి కాబట్టి ఆ భయం తక్కువ.

ఇక మీ నాన్న సంగతి. బావ దాచిన ఎల్పీ రికార్డులన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా. హెగెల్ హెచ్190లో రికార్డ్ ప్లేయర్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ లేదు, విడిగా ఒక ఫోనో పెట్టె కొనాలి. మరాంట్జ్‌లో ఎంఎం (మూవింగ్ మాగ్నెట్), ఎంసీ (మూవింగ్ కాయిల్) రెండు రకాల సూదులకూ ఉంది. నువ్వు ఎక్కువగా ఫోన్‌లోంచి, కంప్యూటర్‌లోంచి వినేవాడివైతే హెగెల్‌లో డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డాక్ లోపలే ఉంది, మరాంట్జ్‌కు అది విడిగా కావాలి. ఇది నీ అలవాటును బట్టి తేలాల్సింది. రికార్డులు గోడకు అలంకారంగా పెట్టేస్తానంటే మాత్రం నా మనసు ఒప్పుకోదు.

హైదరాబాద్ షోరూంలో వినే ఉంటావు. అక్కడ కార్పెట్లు, దళసరి కర్టెన్లు, వాళ్ల స్పీకర్లు. ఆ విన్నది లెక్కలోకి రాదు. డిపాజిట్ కట్టి అయినా మరాంట్జ్, హెగెల్ రెండింటినీ రెండు రోజులు ఇంటికి తెచ్చుకో. పోల్చేటప్పుడు శబ్దం రెండింటిలో సమానంగా ఉండాలి, ఇది ముఖ్యం. ఒక్క డీబీ ఎక్కువ పలికినదే మంచిదని మన చెవి అనుకుంటుంది, ఎంత అనుభవం ఉన్నా అంతే. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్ దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజీ చూడు. రెండింటికీ ఒకేలా రావాలి, తేడా నూటికి ఒక వంతు దాటొద్దు. తర్వాత నీకు కంఠతా వచ్చిన పాటలే విను, కొత్తవి పెట్టకు. రాత్రి పూట తక్కువ వాల్యూంలో కూడా విను. చిన్నగా పెట్టినప్పుడు మాటలు స్పష్టంగా ఉన్నాయా, కింది శబ్దం మాయమవుతోందా చూడు. చెల్లెను కూడా కూర్చోబెట్టు. ఏది ఏదో చెప్పకుండా అడుగు.

ఇంటర్నెట్‌లో చవకగా కనిపించే జపాన్ సెకండ్‌హ్యాండ్ వాటి జోలికి పోకు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మనకు 230. నేను ఒకసారి ఆరు నెలలు కూడబెట్టి అలాంటిది తెచ్చుకున్నాను. అమ్మినవాడు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చాడు కానీ పెట్టె మీద వోల్టేజీ గురించి ఒక్క చీటీ అంటించలేదు. ఇల్లు మారిన రోజు సామాను సర్దిన కుర్రాడు దాని ప్లగ్ నేరుగా గోడకు పెట్టాడు. యాంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. వెనక 230 అని ముద్రించి ఉన్నది, ఇక్కడి వారంటీ కార్డుతో వచ్చింది మాత్రమే తీసుకో. అట్టపెట్టె, లోపలి థర్మకోల్ అటక మీద దాచు. రిపేరుకు హైదరాబాద్ దాకా 140 కిలోమీటర్లు పంపాల్సి వస్తే అదే కాపాడుతుంది.

కొత్త ఇంట్లో ఎర్తింగ్ సరిగా పడిందో లేదో నాకు సందేహం. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలువు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే దాని మీద నడపకు, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. ఉరుములతో గాలిదుమారం లేస్తే ప్లగ్ పీకేయ్. యాంప్లిఫయర్ మీద గుడ్డ కప్పొద్దు, అల్మారాలో మూసి పెట్టొద్దు. వెచ్చదనానికి బల్లులు లోపలికి దూరతాయి. బోర్డు మీద బల్లి పడి కాలిపోయినవి ఎన్ని చూశానో లెక్క లేదు.

డబ్బు మిగిలితే వరంగల్ కొత్తవాడలో మంచి దళసరి జంపఖానా ఒకటి నేయించు. నీ హాల్లో అంతా నున్నటి టైల్స్, ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే గణగణమంటుంది. ఆ గదిలో ఎంత ఖరీదైన యాంప్లిఫయర్ పెట్టినా గాయకుడి మాట చెదిరిపోతుంది. స్పీకర్లకూ నీకూ మధ్య జంపఖానా పరిచి, పక్క గోడకు పుస్తకాల బీరువా జరిపి, మళ్లీ చప్పట్లు కొట్టి చూడు.

నా లెక్కలో లక్స్‌మన్ తీసేశాను. మిగిలిన రెండింట్లో బావ రికార్డుల కోసం మనసు మరాంట్జ్ వైపే ఉంది, కానీ నీ గదిలో వినకుండా ఖాయం చేయను. వచ్చే ఆదివారం పొద్దున్నే మీటరు పట్టుకుని వస్తాను. అంతదాకా ఎక్కడా అడ్వాన్స్ కట్టకు.

మీ మామ